కత్తెర పెట్టని గౌను

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఏ గుడ్డకైనా నాలుగైదు జన్మలు ఉండేవి. నాయన కట్టుకునే పంచె నడిమధ్య చిరిగిందంటే దాని పని అయిపోయిందని ఎవరూ అనుకునేవాళ్లు కాదు. చిరిగినంత మేర తీసేసి, మిగతా రెండు ముక్కలూ కలిపి కుడితే అది భుజం మీది తువ్వాలు అయ్యేది. తువ్వాలు పలచబడితే, గట్టిగా ఉన్న చోటు చూసి మా తమ్ముడికి చొక్కాయి కుట్టేవాళ్లు. చొక్కాయి చంకల్లో పోతే చేతులు తీసేసి బనియన్ లాగా తొడిగేవాళ్లు. ఆ తర్వాత అది పొయ్యి మీది కుండ దించే మసిగుడ్డ. మసిగుడ్డ కూడా పీలికలైపోతే శనక్కాయల మూటకు మూతి కట్టడానికో, ఎద్దు కాలికి దెబ్బ తగిలితే కట్టు కట్టడానికో పనికొచ్చేది. ఇప్పుడు మా ఇంట్లో పిల్లలు బొత్తాం ఊడితే చొక్కానే పక్కన పడేస్తారు. నేను చూసి ఊరుకుంటాను. ఊరుకోవడమంటే, లోపల గొణుక్కుంటాను.

మా ఊరు ఉరవకొండ పక్క పల్లె. వానను నమ్ముకున్న శనక్కాయ చేలు తప్ప వేరే ఆధారం లేదు. నేను చెప్పే రోజుల్లో ఆ వాన వరసగా ఎగ్గొట్టింది. వేసిన విత్తనం భూమిలోనే మాడిపోయింది. నాయన కరువు పనికి పోయి రోడ్డుకు కంకర కొట్టేవాడు. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి ఆయన కనురెప్పల మీద కూడా దుమ్ము ఉండేది. కొత్త గుడ్డలు అనే మాట ఇంట్లో ఎవరూ ఎత్తేవాళ్లు కాదు. అడిగితే కొడతారని కాదు, అడిగి లాభం లేదని అందరికీ తెలుసు.

ఇంట్లో కుట్టుపని అంతా మా అవ్వది. మా వైపు నాయనమ్మనైనా అమ్మమ్మనైనా అవ్వ అనే అంటారు, ఈవిడ మా నాయనను కన్న అవ్వ. సూదిని గూట్లో దీపం పక్కన నూలు ఉండకు గుచ్చి పెట్టుకునేది. దారం కొనడం ఆవిడ ఎరగదు. చిరిగిన చీర అంచులోంచి పోగులు లాగి, తొడ మీద పురి పెట్టి, వాటితోనే కుట్టేది. పని చేసినంతసేపూ నోరు ఆడుతూనే ఉండేది. ఎండను తిట్టేది, మబ్బును తిట్టేది, కోడిని తిట్టేది, మా అమ్మను కూడా తిట్టేది. పెద్ద కోపంతో ఏమీ కాదు, కోడలు అన్నాక ఏదో ఒకటి అనకపోతే అత్తగారి పదవికి మర్యాద కాదని ఆవిడ నమ్మకం. మా అమ్మ మాటకు మాట చెప్పేది కాదు. అలాగని భయపడేదీ కాదు. ఇద్దరూ ఒకే పొయ్యి దగ్గర, ఎవరి పని వాళ్లు చేసుకుంటూ, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా రోజులు వెళ్లదీసేవాళ్లు.

ఇంట్లో ఇన్ని జన్మలు ఎత్తే గుడ్డల మధ్య, ఒకే ఒక్క జన్మతో హాయిగా బతుకుతున్నది ఒకటి ఉండేది. అది మా అమ్మ పుట్టింటి దుప్పటి. అమ్మ పుట్టిల్లు రాయదుర్గం దగ్గర ఒక పల్లె. అక్కడ మా అమ్మను కన్నామె చేలో పండిన పత్తిని తానే ఏకి, తానే రాట్నం మీద వడికి, ఆ నూలును మగ్గం వాళ్లకు ఇచ్చి నేయించింది. తెల్లటి దుప్పటి, రెండు చివర్లా బెత్తెడు వెడల్పున ఎర్ర అంచు. అమ్మ కాపురానికి వచ్చేటప్పుడు దాన్ని ట్రంకు పెట్టెలో పెట్టి పంపించింది. ఆ తర్వాత ఆమె ఎక్కువ కాలం బతకలేదు. ఆమె ఫోటో ఒక్కటి కూడా లేదు. మాబోటి ఇళ్లల్లో అప్పట్లో ఫోటోలు ఎక్కడివి? అమ్మకు వాళ్లమ్మ అంటూ మిగిలింది ఆ దుప్పటే.

ఎవరైనా పెద్దవాళ్లు ఇంటికి వస్తే పెట్టెలోంచి తీసి మంచం మీద పరిచేది. వాళ్లు లేచి వెళ్లగానే దులిపి, పాత మడతల మీదనే మడిచి, మధ్యలో వేపాకు వేసి మళ్లీ పెట్టేది. మాకెవ్వరికీ దాని మీద కూర్చునే యోగం లేదు. "మన ఇంట్లో మనుషుల కంటే ఆ దుప్పటికే మర్యాద ఎక్కువ" అని అవ్వ వినపడేటట్టే అనేది. అమ్మ వినిపించుకునేది కాదు.

ఇలా ఉండగా మా బడి అయ్యవారు ఆగస్టు పదిహేనుకు ఆడపిల్లల చేత డ్రిల్లు చేయించాలని పట్టు పట్టాడు. చుట్టుపక్కల ఊళ్ల పెద్దలు వస్తారట, మా ఊరు ఎప్పుడు చూసినా కరువు మొహంతోనే కనపడుతోందట, ఒక్కరోజన్నా కళకళలాడుతూ కనిపించాలట. మంచి మనిషే. కానీ మంచి మనుషులకు వచ్చే ఆలోచనలు ఒక్కోసారి ఎదుటివాళ్ల ప్రాణానికి వస్తాయి. "తెల్ల గౌను ఉన్నోళ్లే వరసలో నిలబడాల. లేనోళ్లు అరుగు మీద కూచోని చప్పట్లు కొట్టండి" అని చెప్పేశాడు.

నేను మూడో తరగతి. క్లాసులో అందరికంటే పొట్టిదాన్ని కాబట్టి వరసలో అందరికంటే ముందు నన్నే నిలబెట్టాడు. జీవితంలో పొట్టిగా ఉన్నందుకు నాకు దక్కిన మొదటి గౌరవం అది. ఈల వేయగానే ముందు నేను అడుగు వేయాలి, నన్ను చూసి వెనకవాళ్లందరూ వేయాలి. నీళ్లకు పోయే దారిలో, పేడకళ్లు ఎత్తే చోట, ఎక్కడ నలుగురు లేకపోతే అక్కడ నేను అడుగులు వేసుకుంటూ ఉండేదాన్ని. అరుగు మీద కూర్చుని చప్పట్లు కొట్టడం తలుచుకుంటేనే నాకు ఏడుపొచ్చేసేది.

ఆ సంగతి సంగటి తినేటప్పుడు చెప్పాను. నాయన ముద్ద మింగి, "చూద్దాంలే" అన్నాడు. చూద్దాం అంటే లేదని. మా ఇంట్లో ఆ మాటకు ఇంకో అర్థం లేదు. అవ్వ అయ్యవారిని తిట్టింది.

రెండు మూడు రోజులు గడిచాక, ఒక పొద్దున అమ్మ ట్రంకు పెట్టె తీసింది. ఇంటికి ఎవరూ రాలేదే అని నేను అనుకునేలోగా దుప్పటిని చంకలో పెట్టుకుని, నా చెయ్యి పట్టుకుని బయలుదేరింది. మా ఊళ్లో దర్జీ సాయిబు ఒకాయన ఉండేవాడు. తన ఇంటి అరుగు మీదనే మిషను పెట్టుకుని కుట్టేవాడు. ఆయన దుప్పటి మడత విప్పి, వేళ్లతో నలిపి చూసి, సంతోషపడిపోయాడు.

"బంగారం లాంటి గుడ్డమ్మా ఇది. ఇట్లాటిది ఇప్పుడు యాడ దొరుకుతాది? పాపకు గౌను పోను, పిల్లోనికి చొక్కా కూడా వస్తాది" అన్నాడు.

నా కొలతలు తీసుకున్నాడు. దుప్పటిని అరుగు మీద పరిచి, నీలం సుద్దముక్కతో గీతలు గీశాడు. మెడ ఇక్కడ, చంక ఇక్కడ, నడుము ఇక్కడ. ఆ గీతల్లో నా గౌను నాకు కనపడిపోయింది. ఆయన కత్తెర తీసి, అంచు దగ్గర పెట్టి, నోరు తెరిచాడు. కత్తెరదే నోరు. అప్పుడు మా అమ్మ వంగి తన అరచేతిని గుడ్డ మీద, ఆ గీత మీద, బోర్లా పెట్టింది.

"ఆగన్నా" అంది.

సాయిబు ఆగాడు. ఇంకేదో చెబుతుందని చూశాడు. అమ్మ చెయ్యి తీయలేదు. చివరికి ఆయనే కత్తెర పక్కన పెట్టి, "ఏమమ్మా, గౌను కావాలంటివి. కత్తెర పెట్టకుండా గౌను యాడి నుంచి వస్తాది?" అన్నాడు. ఆ మాటలో తప్పేమీ లేదు. అమ్మ దుప్పటిని ఎత్తుకుని, "ఇంగో దినం వస్తాలే అన్నా" అని మెట్లు దిగింది.

ఇంటిదాకా నేను ఆమె వెనకే నడిచాను. నాకు కోపం వచ్చింది. ఉత్త కోపం కాదు, మంట. ఆమె చెయ్యి అడ్డం పెట్టకపోయి ఉంటే ఈపాటికి నా గౌను సగం అయిపోయేది. అదే సమయంలో, ఆ చెయ్యి గుడ్డ మీద ఎట్లా ఆనిందో కూడా నేను చూశాను. నాకు జ్వరం వచ్చినప్పుడు నా నుదుటి మీద అట్లానే పెట్టేది. కోపపడాలో ఏడవాలో తేలక, దారిలో కనపడిన రాయినల్లా తన్నుకుంటూ వచ్చాను.

అవ్వ గడపలో కూర్చుని కొర్రలు చెరుగుతోంది. దుప్పటి మీది నీలం గీతలు చూసింది.

"ఏమే, సాయిబు లేడా?"

"ఉండాడత్తా."

"మరి?"

అమ్మ గోడకు ఆనుకుని నిలబడింది. "నాకు చేతులు రాలేదత్తా" అంది.

అవ్వ మళ్లీ చెరగడం మొదలుపెట్టింది. ఇప్పుడు తిట్లు మొదలవుతాయని నేను చెవులు మూసుకోవడానికి సిద్ధంగా ఉన్నాను. పిల్లదాని సరదా కంటే నీకు గుడ్డ ఎక్కువైందా అంటుందని, లేదా ఉన్న ఒక్క మంచి దుప్పటినీ పాడు చేయబోయావా అంటుందని. రెంటిలో ఏది అన్నా ఆవిడకు చెల్లుతుంది. ఏదీ అనలేదు. చేట పక్కన పెట్టి, ఒళ్లో పొట్టు దులుపుకుని చెయ్యి చాపింది.

"ఇట్లా తే. నేను కుడతా. కానీ ముందే చెప్తాండా, నా కత్తెర తుప్పు పట్టిండాది, అది తెగదు. నాకు కండ్లు కనపడవు, సన్నకుట్టు నాతో కాదు. టాకాలు ఏసి ఇస్తా. ఇష్టముంటే తొడగండి, లేకుంటే లేదు."

టాకాలంటే దర్జీలు అసలు కుట్టుకు ముందు, గుడ్డ జారకుండా వేసే పొడుగు పొడుగు కుట్లు. ముడి తెంపి దారం లాగితే చాలు, ఊడి వచ్చేస్తాయి. వాటితో గౌను కుడతారని నేనెప్పుడూ వినలేదు. మా అమ్మ కూడా విని ఉండదు. అయినా దుప్పటిని అవ్వ చేతిలో పెట్టింది.

అవ్వ మొదట తడిగుడ్డతో సాయిబు గీతలు తుడిచేసింది. తర్వాత దుప్పటిని సరిగ్గా నడిమికి మడిచి రెండు పొరలు చేసింది. మడత పైకి, ఎర్ర అంచులు రెండూ కిందికి వచ్చేటట్టు దాన్ని నిలువుగా నా చుట్టూ తిప్పింది. రెండు కొనలు కలిసిన పక్కన చేతికి సందు వదిలి కింది దాకా టాకాలు వేసింది. రెండో పక్క, చెయ్యి దూరేటంత మేర గుడ్డను కిందికి మడిచి కుట్టింది. భుజాల మీద ముందుదీ వెనకదీ కలిపి కుట్టేసరికి, తల పట్టే సందు దానంతట అదే మిగిలింది. నడుముకు ఒక నాడా కట్టి కుచ్చిళ్లు సర్దింది. కాళ్ల దాకా వేలాడుతున్న గుడ్డను మోకాళ్ల దాకా లోపలికి మడిచి, చుట్టూ టాకాలు వేసింది. ఎర్ర అంచు లోపలికి పోయి దాక్కుంది. బయటికి అంతా తెలుపే. ఎక్కడా ఒక్క పోగు తెగలేదు.

ఆ సేపంతా అమ్మ ఏదో పని ఉన్నట్టు అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. కడిగిన చెంబునే మళ్లీ కడిగింది. అవ్వ ఆమె వైపు చూడకుండా, "ఏమే, దీపం పక్కన సూది ఇంగోటి ఉండాల, తెచ్చి ఆ పక్క నువ్వు పట్టు" అంది. అమ్మ వచ్చి కూర్చుంది. ఒకే గౌనుకు చెరో పక్కా వాళ్లిద్దరూ కుడుతుంటే, మధ్యలో నేను చేతులు చాపి నిలబడ్డాను. వాళ్లిద్దరూ అంత దగ్గరగా కూర్చోవడం నేను చూడటం అదే మొదటిసారి.

గౌను తయారైంది. రెండు పొరల నేతగుడ్డ, లోపల మడతల మీద మడతలు. నేను దాంట్లో అటు తిరగలేను, ఇటు తిరగలేను. మా తమ్ముడు నన్ను చూసి "శనక్కాయల మూట! శనక్కాయల మూట!" అని గెంతాడు. నాకు ఏడుపొచ్చింది. అవ్వ వాడి నెత్తిన ఒకటి మొట్టి, "మూటేరా. మూటలో ఉండేటివి మంచి కాయలు. నీ మాదిరి బొండ్లు కాదు" అంది. గింజ లేని డొల్ల కాయలను మా వైపు బొండ్లు అంటారు. వాడికి అర్థమైంది, మూతి ముడుచుకున్నాడు. నాకు కాస్త నిమ్మళం అయింది.

జెండా పండగ రోజు పొద్దున్నే అమ్మ గౌను తొడిగి, నాడా ముడి వేసి, చెప్పాల్సినవన్నీ చెప్పింది. గుంజొద్దు, తొక్కొద్దు, కంపచెట్లకు తగిలించుకోవద్దు, నేల మీద చతికిలబడొద్దు. నేను అన్నిటికీ తలూపాను. నిండు బిందె నెత్తిన పెట్టుకున్నట్టు నడుచుకుంటూ బడికి పోయాను. నా ఒంటి మీద ఉన్నది గౌను కాదని, మా అమ్మ వాళ్లమ్మ అని నాకు తెలుసు. ఎనిమిదేళ్ల పిల్ల మోయడానికి అది కాస్త బరువే.

మా సీమలో ఆ నెలల్లో వాన పడకపోయినా గాలి మాత్రం ఆగదు. ఆ రోజు కూడా బడి ముందున్న బయల్లో ధూళి లేపుతూ కొడుతోంది. జెండా ఎగరేశారు. పెద్దలు కుర్చీల్లో కూర్చున్నారు. ఆడవాళ్లు ప్రహరీ గోడ పక్కన, కొంగులు తల మీదికి లాక్కుని నిలబడ్డారు. వాళ్లలో అమ్మా అవ్వా ఉన్నారు. అయ్యవారు ఈల వేశాడు. నేను అడుగు వేశాను. వెనక వాళ్లందరూ వేశారు. కొంతసేపు అంతా చక్కగా సాగింది. నా ఛాతీ ఉప్పొంగిన మాట నిజం.

మలుపు తిరిగేటప్పుడు గాలి ఎదురుగా వచ్చింది. గౌను పొరల మధ్యలోకి దూరి దాన్ని బుడగలాగా ఉబ్బించింది. మోకాళ్ల దగ్గర ఏదో పుటుక్కున తెగినట్టు తెలిసింది. టాకా తెగితే ఒక్కటి తెగి ఊరుకోదు కదా, సరసరా జారిపోయింది. లోపల దాక్కున్న గుడ్డ కిందికి దిగి, ఎర్ర అంచు నా పాదాల ముందు నేల మీద పడింది. ఎత్తిన కాలు ఎక్కడ దించినా దాని మీదే పడుతుంది. పడితే, వెనక్కి లాగుతున్న గాలికి అది పర్రున చినిగిపోతుంది.

నేను ఆగిపోయాను. ఒంటికాలి మీద.

నా వెనక పిల్ల వచ్చి నాకు గుద్దుకుంది. దాని వెనకది దానికి గుద్దుకుంది. వరసంతా ఆగింది. అయ్యవారు మళ్లీ ఈల వేశాడు. "నడువమ్మా, నడువు!" అని చేతులు ఊపాడు. కుర్చీల్లోని పెద్దలు నన్నే చూస్తున్నారు. నేను మాత్రం ఎర్ర అంచును చూస్తున్నాను. కాలు దించలేదు. తెల్ల గౌను లేకపోతే అరుగు మీద కూర్చోవలసి వస్తుందని ఏడ్చిన దాన్ని, ఇప్పుడు ఊరంతా నవ్వినా సరే ఆ అంచు మీద కాలు పెట్టకూడదనుకున్నాను.

అప్పుడు మా అమ్మ గోడ పక్కనుంచి కదిలింది. మగవాళ్లు కూర్చున్న చోటికి అడ్డంగా నడవడం మా ఊళ్లో ఆడవాళ్లు చేసే పని కాదు. ఆమె నేరుగా, ఎవరినీ చూడకుండా, బయలు మధ్యకు వచ్చింది. నా ముందు గొంతుక్కూర్చుని, గాజులకు తగిలించుకున్న పిన్నీసు తీసి, జారిన గుడ్డను ఒక పక్క ఎత్తి గుచ్చింది. ఇంకో పక్కకు పిన్నీసు లేదు. గాజుల్లో వెతికింది, పుస్తెల తాడులో వెతికింది. లేదు. అయ్యవారు ఈల నోట్లో పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

నేను ఆమె గుడ్డ వైపే చూస్తుందనుకున్నాను. ఆమె తలెత్తి నా మొహం చూసింది. నా మొహంలో ఏం కనపడిందో నాకు తెలియదు. ఆమె నెమ్మదిగా, నాకొక్కదానికే వినపడేటట్టు అంది.

"చినిగితే చినగనీలే పాపా. నువ్వు నిలబడొద్దు. నడువు."

నేను కాలు దించాను. ఈల వేశారు. నడిచాను. కొన్ని అడుగులు పోయాక పర్రుమని వినపడింది. నేను భయపడి అమ్మ వైపు చూశాను. ఆమె గోడ పక్కకు వెళ్లిపోయి, అందరితో పాటు చప్పట్లు కొడుతోంది. నా కాళ్ల వైపు చూడటం లేదు. డ్రిల్లు పూర్తయింది. మాకు తలా గుప్పెడు బొరుగులూ బెల్లం ముక్కా పెట్టారు. అంత రుచైన బొరుగులు నేను మళ్లీ తినలేదు.

ఇంటికి రాగానే అవ్వ నా ఒంటి మీదనే ముళ్లు తెంపి, దారాలు లాగింది. కాసేపటికి గౌను లేదు. నేను డ్రాయరుతో నిలబడి ఉన్నాను, నేల మీద ఒక దుప్పటి ఉంది. సూది గుచ్చిన బెజ్జాలు వరసగా కనపడుతున్నాయి, ఉతికితే పూడిపోతాయని అవ్వ చెప్పింది. ఎర్ర అంచు దగ్గర మాత్రం జానెడు చినిగింది. అమ్మ దాన్ని వేళ్లతో తడిమి చూసింది.

ఆ సాయంత్రం అవ్వ గడపలో కూర్చుని ఆ చినుగును బాగుచేసింది. పోగుకు పోగు అల్లడం, దాన్ని రఫూ అంటారు. దారం కూడా ఆ దుప్పటిదే. చివర వేలాడే పోగుల్లోంచి ఎర్రటి చోటుకు ఎర్రవి, తెల్లటి చోటుకు తెల్లవి లాగి, ఒకటి పైనుంచి ఒకటి కిందినుంచి దూర్చింది. పూర్తయ్యాక అమ్మ దాన్ని వెలుతురు వైపు పట్టుకుని చూసింది. ఎక్కడ చినిగిందో వెతుక్కోవలసి వచ్చింది. చీమ తల అంత కుట్లు. అమ్మ దుప్పటి దించి అవ్వ వైపు చూసింది.

"కండ్లు కనపడవంటివే అత్తా?"

"పొద్దున కనపడవు. మాపటికి కనపడతాయి. నీకెందుకు?" అంది అవ్వ.

అమ్మ నవ్వింది. పైకి వినపడేటట్టే నవ్వింది. దుప్పటిని మడవలేదు, పెట్టెలో పెట్టలేదు. తీసుకుపోయి అవ్వ పడుకునే నులక మంచం మీద పరిచింది. అవ్వ కంగారు పడిపోయి, "ఏమే, నేనేమన్నా చుట్టాన్నా?" అని కేకలు వేసింది. కేకలు వేస్తూనే వెళ్లి దాని మీద పడుకుంది. పడుకుని కూడా కొంతసేపు తిట్టింది.

అవ్వకు నిజంగానే పొద్దున కళ్లు కనపడవని, మాపటికి కనపడతాయని నేను చాలా ఏళ్లు నమ్మాను. పిల్లలకు పెద్దల మాట అబద్ధమని ఎందుకు తోస్తుంది? నాకు పెళ్లయి, నాకూ ఒక అత్తగారు వచ్చాక గానీ ఆ మాట లోపల ఏముందో అర్థం కాలేదు. నీ బాధ నాకు తెలిసిందే కోడలా అని ఎదురుగా చెబితే అమ్మ కుంగిపోయేది. అత్త ముందు తలెత్తుకోలేకపోయేది. అందుకని అవ్వ తప్పంతా తన కత్తెర మీద, తన కళ్ల మీద వేసుకుంది. టాకాలు వేసింది కుట్టడం రాక కాదు, విప్పుకోవడానికి వీలుగా. అవ్వకు అంత మెత్తని మనసుందని అంతకు ముందు మాలో ఎవరం అనుకోలేదు. ఆ తర్వాత కూడా ఆవిడ తిట్లు తగ్గలేదు లెండి.

అవ్వ పోయిన కొన్నేళ్లకు నాకు మొదటి కాన్పు అయింది. పురిటికి అమ్మ దగ్గరికే వచ్చాను. పుట్టిన బిడ్డకు కొత్తగుడ్డ తొడగరు, ఉతికి ఉతికి మెత్తబడిన పాతగుడ్డనే తొడుగుతారు. అమ్మ ట్రంకు పెట్టె తీసి దుప్పటి బయటికి తీసింది. ఒక చేతిలో కత్తెర ఉంది. నేను మంచం మీదనుంచి లేచి కూర్చున్నాను. "అమ్మా, వద్దు" అన్నాను.

ఆమె నా మాట పట్టించుకోలేదు. అంచంతా వేలితో తడుముకుంటూ పోయి, ఒక చోట ఆగింది. అవ్వ రఫూ చేసిన చోటు. కత్తెర అక్కడే పెట్టింది.

"ఈడ ముందే తెగిండాది కదా" అంది.

కరకరమని కోసుకుంటూ పోయింది. వాళ్లమ్మ వడికిన నూలు నా బిడ్డకు చిన్న చిన్న చొక్కాయిలైంది. ఒక చొక్కాయి చివర ఎర్ర అంచు ముక్క, దాంట్లో చీమ తలంత కుట్లు నాలుగు మిగిలాయి. ఆ బిడ్డకు ఇప్పుడు తల నెరిసింది. చొక్కాయి మాత్రం నా దగ్గరే ఉంది.

నాకు ఆనాటి నుంచి ఒక అలవాటు మిగిలిపోయింది. కుట్టమని ఏ గుడ్డ చేతికి వచ్చినా, ఇది కోసేందుకు వచ్చిందా, మడిచి కుట్టేందుకు వచ్చిందా అని ముందు తెచ్చినవాళ్ల మొహం చూస్తాను. మొన్నామధ్య మా చిన్నకోడలు ఒక చీర తీసుకుని నా గదిలోకి వచ్చింది. వాళ్లమ్మ పోయి ఏడాది కూడా కాలేదు. "మా అమ్మ చీర అత్తమ్మా. పాపకు బడిలో ఏదో ఫంక్షన్ ఉందంట. గౌను కుట్టేస్తారా? కత్తిరించేయండి, ఫర్వాలేదు" అంది. ఫర్వాలేదు అంటున్నప్పుడు ఆ అమ్మాయి అరచెయ్యి చీర మీద బోర్లా ఆని ఉంది.

"కత్తెర యాడ పెట్టినానో ఏమో, కనపడలేదు. నాకు చూపు కూడా సరిగా ఆనడం లేదు తల్లీ. సన్నకుట్టు నాతో కాదు, టాకాలు ఏసి ఇస్తా" అన్నాను.

కత్తెర నా ఒళ్లోనే ఉంది. దాని మీదికి చీర లాక్కున్నాను.